రక్షించువారి మనస్సు: శిక్షణవాదముల సమీక్ష

అచ్చంపేట నుండి శ్రీశైలము పోవు ఘాట్ రోడ్డున, నల్లమల నడుమ, ఈగలపెంట, దోమలపెంట యను రెండు చిన్న ఊళ్లు కలవు. ఐదేండ్లు నిండకమునుపే ఈ పరిసరములలోనే, అదియును భూగర్భముననే, రెండు ఘోరప్రమాదములు సంభవించినవి. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్కేంద్రమున మంటలు చెలరేగి, విధులలో నున్న 9 మంది ప్రాణములు గోల్పోయిరి. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలము ఎడమగట్టు కాలువ (ఎస్.ఎల్.బి.సి.) సొరంగపు పైకప్పు, ముఖద్వారమునకు సుమారు 14 కిలోమీటర్ల లోపల కూలగా, 8 మంది కార్మికులు చిక్కుకొనిరి. వీనికి ముందు 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున, నేడు వనపర్తి జిల్లాలో చేరిన పాలెం వద్ద, బెంగుళూరు నుండి హైదరాబాదు వచ్చుచున్న వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని తగులబడగా 45 మంది దగ్ధమైరి.

ఈ మూడు సందర్భములందును మృతుల సంఖ్యను, యంత్రలోపములను, పరిహారమును గూర్చి పత్రికలు విస్తారముగా వ్రాసినవి. పొగ నిండిన కేంద్రములోనికి ముసుగులు తగిలించుకొని దిగినవారును, కాలిన ఇనుపచట్రముల నడుమ శరీరభాగముల నేరినవారును, బురదలో వారములతరబడి త్రవ్వినవారును పని ముగిసిన పిమ్మట ఎట్లుండిరన్న ప్రశ్న మాత్రము వార్తగా నిలువలేదు. అట్టి సహాయక సిబ్బందికి, మానసికమైన ఒత్తిడిని ముందుగనే పసిగట్టు శిక్షణ నీయవలెనను మాట నేడు పెక్కు దేశములందు వినవచ్చుచున్నది. పైపైన జూచువారికిది వివాదమునకు తావులేని విషయముగా తోచును. కాని నలువది యేండ్లకు మించి దీనిపై సాగిన చర్చను పరికించినచో, శిక్షణ యను ఒక్క పేరు క్రింద మూడు వేర్వేరు పనులు కలగలసి యున్నవనియు, ఆపదలో చిక్కినవాని నూరడించుట, తోటివాని మార్పును గమనించుట, తన్ను తాను తెలిసికొనుట యను ఈ మూడింటిలో నొకదానికి దొరకిన సాక్ష్యమును మరియొకదానికి తగిలించుటచేతనే చిక్కు పెరిగినదనియు తెలియవచ్చును.

యుద్ధభూమి నుండి అగ్నిమాపక కేంద్రమునకు

ఈ చర్చకు మూలము సైన్యమున నున్నది. 1915లో చార్లెస్ మయర్స్ అను ఆంగ్లవైద్యుడు ఫిరంగిగుండ్ల నడుమ చూపును, వాసనను, రుచిని, జ్ఞాపకమును గోల్పోయిన సైనికులను వర్ణించుచు లాన్సెట్ పత్రికలో వ్యాసము ప్రకటించెను. అదే యుద్ధకాలమున థామస్ సాల్మన్ అను అమెరికా వైద్యుడు, అట్టి సైనికుని దూరపు ఆసుపత్రికి తరలింపక, యుద్ధరంగమునకు దగ్గరగా, తత్క్షణమే, మరల విధికి పోగలవను నమ్మకమును కలిగించుచు చికిత్స సేయవలెనను పద్ధతిని ప్రచారమునకు దెచ్చెను. ఈ పద్ధతి సైనికుని కొరకా, సైన్యము కొరకా యన్న సందేహము నాడే పుట్టినది. నేటి శిక్షణలను గూర్చియు ఆ సందేహము తీరలేదు.

వియత్నాము యుద్ధము నుండి మరలినవారి దుస్థితి కారణముగా, 1980లో అమెరికా మనోవైద్యసంఘము పీ.టి.ఎస్.డి. (ఘోరఘటనానంతర ఒత్తిడిరుగ్మత) యను వ్యాధిని తన పట్టికలో చేర్చెను. అందు ముఖ్యముగా ఆపదకు స్వయముగా గురియైనవాడే దృష్టియందుండెను. ఆపదకు ఎదురేగినవాడు కాదు. 2013 నాటి సవరణలో గాని, మృతావశేషముల సేకరించువారును, ఘోరవివరములను పదేపదే చూడవలసివచ్చు పోలీసులును ఉదాహరణములుగా స్పష్టముగా పేర్కొనబడలేదు. ఈ ఆలస్యము కారణముగా, సహాయకుని మనస్సును గూర్చిన తొలి ప్రయత్నములు వైద్యశాస్త్రము లోపలినుండి గాక, ఆ వృత్తులలోని వారి నుండియే వచ్చెను.

మాటలాడించు పద్ధతి, దానిపై వచ్చిన ఆక్షేపణ

స్వయముగా అగ్నిమాపక, అంబులెన్సు సేవలలో పనిచేసిన జెఫ్రీ మిచెల్ అను అమెరికా దేశస్థుడు 1983లో ఒక పద్ధతిని ప్రతిపాదించెను. ఘోరఘటన జరిగిన కొలది దినములలోపల, అందు పాల్గొన్న జట్టునంతయు ఒకచోట కూర్చుండబెట్టి, ఏడు దశలలో, ఏమి జరిగినది, ఏమి తలంచితిరి, ఏది మిక్కిలి బాధించినది, శరీరమున మనస్సున ఏ లక్షణములు కనబడుచున్నవి అని క్రమముగా మాటలాడించి, తుదకు ఒత్తిడిని గూర్చి బోధించి పంపుట దీని సారాంశము. డీబ్రీఫింగ్ అను పేర ఇది అనతికాలమున అగ్నిమాపక కేంద్రములకు, పోలీసుశాఖలకు, బ్యాంకులకు, పాఠశాలలకు గూడ ప్రాకెను. లోపలి బాధను వెళ్లగ్రక్కినవాడు తేలికపడునను నమ్మిక ఎల్లరకు సహజమే కదా. విచారణ లేకుండ ఆచారమై కూర్చుండుటకు ఆ నమ్మికయే చాలెను.

విచారణ జరిగినపుడు వచ్చిన ఫలితము మాత్రము వేరుగా నుండెను. 1997లో మనోవైద్యుడు జొనాథన్ బిస్సన్ ప్రభృతులు కాలినగాయములతో చేరిన రోగులపై జరిపిన పరిశీలనమున, 13 నెలల పిమ్మట, ఈ విధముగా మాటలాడింపబడినవారిలో నూటికి 26 మందియు, మాటలాడింపబడనివారిలో 9 మందియు పీ.టి.ఎస్.డి. లక్షణములు కలిగియుండిరి. 2002 నాటి కోక్రేన్ సమీక్ష ఇట్టి పరీక్షలను క్రోడీకరించి, ఒక్క కూర్చుండుటతో ముగించు డీబ్రీఫింగు వ్యాధిని నివారించునని చెప్పుటకు ఆధారము లేదనియు, నిర్బంధముగా జరుపుట మానవలెననియు తీర్మానించెను. 2005లో చికిత్సా మార్గదర్శకములు వెలువరించు బ్రిటనునందలి నైస్ సంస్థయు ఆ మార్గమునే త్రొక్కెను. ఈ పద్ధతి పుండు మానకమునుపే దానిని కెలకుట వంటిదని విమర్శకుల అభిప్రాయము.

మిచెల్ పక్షీయులు దీని నంగీకరింపలేదు. వారి ప్రత్యుత్తరము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. తాము చెప్పినది జట్టుకు. పరీక్షింపబడినది ఒంటరి రోగిపై. తాము చెప్పినది ముందు శిక్షణ, వెనుక పరామర్శ గల వ్యవస్థలో నొక భాగము. పరీక్షింపబడినది విడదీసిన ముక్క. తాము ఉద్దేశించినది వృత్తిరీత్యా ఆపదల కలవాటుపడినవారిని. పరీక్షింపబడినది అకస్మాత్తుగా గాయపడినవారిని. ఇవి వారి వాదములు. 2014లో ఆస్ట్రేలియా యందలి స్వచ్ఛంద అగ్నిమాపకులపై జట్లుగానే జరిపిన పరీక్షయందు, ఈ పద్ధతి పీ.టి.ఎస్.డి. లక్షణములను తగ్గింపలేదుగాని, మద్యపానము తగ్గుటయు, జీవితమున తృప్తి పెరుగుటయు కనబడెను. కావున ఇరువురును తమతమ ప్రశ్నలకు సరియైన సమాధానములనే చెప్పుచున్నారని తలంచుట న్యాయముగా నుండును. తోడివారితో కలిసి కూర్చుండుట మేలు చేయవచ్చును. అది చికిత్స కాదు. నిర్బంధించి మాటలాడించుటను సమర్థించు సాక్ష్యము మాత్రము ఏ ప్రక్కను లేదు.

డీబ్రీఫింగు ప్రతిష్ఠ తగ్గిన చోట రెండు మార్గములు తలయెత్తెను. మొదటిది మానసిక ప్రథమచికిత్స. 2006లో అమెరికాయందును, 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పక్షమునను వెలువడిన కరదీపికలు దీనికి రూపమిచ్చినవి. జరిగినదానిని త్రవ్వి అడుగరాదు; చెప్పినచో వినవలెను; అన్నము, నీరు, నీడ, అయినవారి సమాచారము ముందుగా సమకూర్చవలెను; అవసరమైనచో తగినచోటికి పంపవలెను. ఎబోలా వ్యాధికి గురియైన సియెర్రాలియోను దేశమున ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల సిబ్బందికి ఒక్క దినము ఈ శిక్షణ నీయగా, ఆరు నెలల పిమ్మటను వారి జ్ఞానము నిలిచియుండెనని 2020లో వెలువడిన పరిశోధన తెలిపినది. ఆ జ్ఞానమువలన బాధితుల వ్యాధి తగ్గినదా యన్నదానికి దృఢమైన సాక్ష్యము నేటికిని స్వల్పము. రెండవది బ్రిటిషు రాయల్ మెరీన్స్ దళమున పుట్టిన ట్రిమ్ (ట్రామా రిస్క్ మేనేజ్‌మెంట్) పద్ధతి. ఇందు వైద్యుడు రాడు; తోటి ఉద్యోగియే కొద్దిపాటి శిక్షణ పొంది, ఘటన జరిగిన మూడు దినములకు నొకసారి, నెలకు మరియొకసారి, తనవానితో మాటలాడి, మార్పు కనబడినచో పైకి తెలుపును. దీనివలన కీడు లేదని తేలినది. వ్యాధి తగ్గునని తేలలేదు.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నిలిపినచో భేదము స్ఫుటమగును. డీబ్రీఫింగు ఘటనపై దృష్టి నిలుపును, మానసిక ప్రథమచికిత్స అవసరముపై నిలుపును, ట్రిమ్ కాలక్రమమున వచ్చు మార్పుపై నిలుపును. మొదటిది అందరను సమానముగా జూచును. రెండవది బాధపడువానినే జూచును. మూడవది అందరను గమనించి కొందరినే పిలుచును. సిబ్బందియందు ఒత్తిడిని గుర్తించుటకై యన్నచో, మూడవదియే విషయమునకు సమీపముగా నున్నది.

గుర్తించుట యనగా నేమి

శిక్షణ పుస్తకములలో లక్షణముల పట్టిక పొడుగుగా నుండును: నిద్రలేమి, పీడకలలు, ఉలికిపాటు, కోపము, మతిమరపు, మద్యము, ఒంటరితనము. చిక్కెక్కడనగా, ఘోరదృశ్యము చూచిన మొదటి వారమున ఇవి దాదాపు అందరికి ఉండును, అత్యధికులకు వానంతటనవే తగ్గును. అమెరికా మనస్తత్వవేత్త జార్జి బొనానో 2004లో చెప్పినట్లు, ఆపద పిమ్మట నిలద్రొక్కుకొనుటయే సామాన్యము, కూలిపోవుట విశేషము. 2012లో వెలువడిన ఒక సంకలనమున, ప్రపంచమునందలి సహాయకులలో పీ.టి.ఎస్.డి. గలవారు నూటికి సుమారు 10 మంది యని లెక్క తేలినది. ఆ పదిమందిని కనుగొనుటకై తక్కిన తొంబదిమందికి తాము రోగులమను భయము కలిగించు శిక్షణ మేలు సేయదు. ఆ తొంబదిమందిని జూపి పదిమందిని విస్మరించునదియు మేలు సేయదు. పీ.టి.ఎస్.డి. యని నిర్ణయించుటకు ఒక నెల గడువు పెట్టబడుట యందుకే. కెనడా సైన్యమున పుట్టి పోలీసులకు, అగ్నిమాపకులకు వ్యాపించిన శిక్షణ, ఆకుపచ్చ మొదలు ఎరుపు వరకు నాలుగు రంగులలో మనఃస్థితిని జూపి, రోగి యను ముద్రకు బదులు నేడు ఏ రంగున నున్నావని యడుగుట, ఈ చిక్కునకు కనుగొనబడిన ఉపాయములలో నొకటి.

పట్టికకంటె పనిస్థలమున కనబడు చిన్న మార్పులే ఎక్కువ తెలుపును. 108 అంబులెన్సు వాహనమున ఇద్దరే యుందురు: రోగిని జూచు ఈ.ఎం.టి., నడపు పైలట్. ఘాట్ మలుపులో ప్రమాదము జరిగినపుడు ఒకడు రక్తస్రావము నాపుచుండగా రెండవవాడు స్ట్రెచరు పట్టును, ఆసుపత్రిలో దించిన పిమ్మట ఇరువురును కలిసి బండి కడుగుదురు, అటుపై మరొక ఫోను వచ్చును. ఆ కడుగుట మునుపు శ్రద్ధగా చేయువాడు ఇపుడు నీళ్లు చల్లి ఊరకుండుట, ఫలానా మలుపువైపు కేసు వచ్చినపుడే బండిలో లోపమున్నదని చెప్పుట, పసిపిల్లల కేసులో మాట పెగలకుండుట, సైరను లేనప్పుడును స్టీరింగు గట్టిగా పట్టుకొనుట యనునవి ప్రక్కవానికి తప్ప మరెవ్వరికి కనబడవు. శిక్షణ ఎవరికి ముందుగా నీయవలెనన్న ప్రశ్నకు ఇందు కొంత సమాధానము గలదు.

వ్రాతపరీక్షలచేత ఈ పని నెరవేర్పవచ్చునని తలంచినవారు లేకపోలేదు. 2017లో లాన్సెట్ ప్రకటించిన బ్రిటిషు సైనికుల పరీక్షయందు, యుద్ధము నుండి మరలినవారిని ప్రశ్నావళితో పరీక్షించి సలహాలిచ్చినను, ఇయ్యకున్నను, తరువాతి మానసికస్థితిలో గాని, సహాయము కోరుటలో గాని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. ఉద్యోగము, పదోన్నతి, ఆయుధము ఎవని సమాధానముపై నాధారపడియుండునో, వాడు కాగితముపై అన్నియు బాగున్నవని వ్రాయుటలో వింత యేమున్నది?

పై అధికారి పక్షము

ఈ చర్చలో అల్పప్రసిద్ధమైనను, సాక్ష్యము దృఢముగా గల పక్షమొకటి కలదు. 2017లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు అగ్నిమాపకశాఖయందు, సిబ్బందికి గాక, వారిపై అధికారులకే నాలుగు గంటల శిక్షణ నిచ్చిరి. క్రింది ఉద్యోగి మనోవ్యథలో నున్నాడని తోచినపుడు ఎట్లు పలుకరింపవలెను, సెలవులో నున్నవానికి ఎట్లు ఫోను చేయవలెను, ఏమి అనరాదు అనునవి దాని పాఠములు. ఆరు నెలల పిమ్మట, శిక్షణ పొందిన అధికారుల క్రింద పనిచేయువారిలో పనికి సంబంధించిన అస్వస్థత సెలవులు తగ్గెను; ఖర్చు పెట్టిన ప్రతి పౌండునకు సుమారు పది పౌండ్ల లాభము గలిగినట్లు లెక్క తేలెను.

పనిసంస్థనే దోషిగా నిలుపువారు దీనిని మరికొంత ముందునకు జరుపుదురు. పోలీసులపై జరిగిన పరిశోధనలు అనేకము, శవములు, కాల్పులు, ప్రమాదములకంటె సెలవు దొరకకుండుట, అధికారి అన్యాయము, ఎడతెగని రాత్రి డ్యూటీలు ఎక్కువ బాధించునని చూపినవి. కావున ఒత్తిడిని గుర్తింపుమని ఉద్యోగికి బోధించి, ఆ ఒత్తిడిని పుట్టించు డ్యూటీ చార్టును మాత్రము తాకకుండుట, భారము నంతయు అతనిపైనే మోపుట యని వీరి ఆక్షేపణ. ఇందు బలమున్నది. అయినను, చార్టు మారువరకు శిక్షణ వలదనుట సరిగాదు. పైన చెప్పిన నాలుగు గంటల పాఠము ఆ రెండింటికి నడుమ వంతెన వేసినది. ఈ వ్యాసకర్త మ్రొగ్గు అటువైపే.

మన దేశమున

భారతదేశమున ఈ ఆలోచన 1984 భోపాల్ విషవాయు దుర్ఘటన పిమ్మట మొదలైనది. ఆర్. శ్రీనివాసమూర్తి మొదలగు మనోవైద్యులు, మనోవైద్యులు చాలని చోట సామాన్యవైద్యులకే మానసికలక్షణములను గుర్తించు పాఠము చెప్పుట అలవరచిరి. ఒడిశా పెనుతుఫాను, గుజరాతు భూకంపము, సునామీలలో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ ఆ అనుభవమును విస్తరించెను. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009 డిసెంబరులో మానసిక, సామాజిక సహాయమునకు మార్గదర్శకములు వెలువరించెను. ఇవియన్నియు ముఖ్యముగా బాధితుని ఉద్దేశించినవి. సహాయకుడు వానిలో పరికరము, కొలది పుటలలో మాత్రమే మనుష్యుడు.

2018 మే 29 నుండి అమలులో నున్న మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, చికిత్స పొందు హక్కును, రహస్యము కాపాడబడు హక్కును ప్రతి పౌరునకు నిచ్చినది; 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అను మానసిక సహాయపు ఫోను సేవ 14416 సంఖ్యపై తెలుగునను పలుకుచున్నది. యూనిఫారము ధరించినవాడు ఆ సంఖ్యకు ఫోను చేయుటయు, పై అధికారి కది తెలియకుండుటయు వేర్వేరు విషయములు. మొదటిదానికి సదుపాయమున్నది, రెండవదానిపై నమ్మకము ఏర్పడవలసి యున్నది.

నల్లమలలో సహాయకు లెవరు

శిక్షణను గూర్చి వ్రాయువారు అగ్నిమాపకుడు, పోలీసు, అంబులెన్సు అని మూడు పేర్లు చెప్పి యూరకుందురు. ఎస్.ఎల్.బి.సి. సొరంగము ఆ లెక్కను తారుమారు చేసినది. ఎన్.డి.ఆర్.ఎఫ్., ఎస్.డి.ఆర్.ఎఫ్., సైన్యము, నౌకాదళము, సింగరేణి గనుల రక్షకదళము, 2023లో ఉత్తరాఖండపు సిల్క్యారా సొరంగము నుండి 41 మందిని వెలికిదెచ్చిన ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ పోలీసు జాగిలములను నడపువారు, వీరందరితోపాటు ఆ కంపెనీకే పనిచేయు కూలీలును లోపలికి పోయిరి. లోకోలో కూర్చుండి చీకటిలో పది కిలోమీటర్లకు పైగా పోయి, అటుపై బురదలో నడచి, విరిగిన యంత్రపు ఇనుమును కోయుచు, ఊటనీటిని తోడుచు, ఎప్పుడు మరల కూలునో తెలియని కప్పు క్రింద షిఫ్టులవారీగా పనిచేసిరి. మార్చి 9న ఒకటి, 25న మరియొకటిగా రెండు మృతదేహములే లభించినవి; తక్కిన ఆరుగురు దొరకకయే ఏప్రిల్ నెలలో గాలింపు నిలిచినది.

ఇందరిలో క్రమబద్ధమైన శిక్షణ గలవారు సైన్య, నౌకాదళములవారు, ఎన్.డి.ఆర్.ఎఫ్., ఎస్.డి.ఆర్.ఎఫ్.వారు, సింగరేణివారు, జాగిలములను నడపు పోలీసులు. తక్కిన మైనర్లు, కూలీలు చేతిపని తెలిసినవారు మాత్రమే. న్యూయార్కు జంటశిఖరముల పతనము పిమ్మట రెండు మూడేండ్లకు జరిపి 2007లో ప్రకటించిన పరిశోధన ఈ భేదమును సంఖ్యలలో జూపినది: అచట పనిచేసినవారందరిలో పీ.టి.ఎస్.డి. నూటికి 12.4 మందికి గలుగగా, పోలీసులలో 6.2 మందికి, ఏ సంస్థకును చెందని స్వచ్ఛంద సహాయకులలో 21.2 మందికి గలిగెను. ముందు తయారీ లేనివాడే ఎక్కువ దెబ్బతినెను. శిక్షణయు, పరామర్శయు మాత్రము పోలీసునకే సులభముగా నందును.

ఈ ప్రాంతమున అట్టివారి జాబితా పెద్దది. కృష్ణలో మునిగినవారిని వెదకుటకు పోలీసులు పిలుచునది గజ ఈతగాండ్రను, జాలరులను. అమ్రాబాదు పులుల అభయారణ్యమున మంటలకు మొట్టమొదట పరుగెత్తునది ఫైర్ వాచర్లు, బేస్ క్యాంపులలోని చెంచు యువకులు. చెంచుపెంటలలో పురుగుమందు త్రాగినవాని వద్దకు ముందు చేరునది ఆశా కార్యకర్త. నక్సలైటు ఉద్యమము ఉధృతముగా నున్న దినములలో, 1993లో సోమశిల సమీపమున మందుపాతర పేలి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశినాయుడు మరణించినప్పటి నుండియు, ఈ అడవి స్టేషన్లలో పనిచేసిన కానిస్టేబుళ్ల తరమొకటి గలదు. నాడు ఒత్తిడి యను మాట సర్వీసు రికార్డులలో చోటుచేసికొన్నది కాదు.

తేలని సంగతులు

ఫలితమునకు, మనోవ్యథకు గల సంబంధము మొదటిది. సిల్క్యారాలో త్రవ్వినవారిలో కొందరే దోమలపెంటలోను త్రవ్విరి. అచట పూలదండలు, ఇచట రిక్తహస్తములు. ఇరుచోటుల శ్రమ యొక్కటియే, అపాయమును సమానమే. చేసిన పని ఫలించిన సహాయకునకు ఘోరదృశ్యము తక్కువగా బాధించునని తోచుట సహజము. దాని నెంతవరకు నమ్మవచ్చునో చెప్పు పరిశోధన చాలదు. మృతదేహము దొరకని చోట పని ముగిసినట్టా, మానినట్టా యని తేల్చుకొనలేని సహాయకునకు ఏ పాఠము చెప్పవలెనో, డీబ్రీఫింగు గాని ట్రిమ్ గాని యోచింపలేదు. ఆ రెండింటికిని ఘటన యనగా ముగిసినది.

రెండవది కాలమును గూర్చినది. మార్పు స్థిరపడి కనబడునది నెలల పిమ్మట. ఆ నాటికి దళములు విజయవాడకు, రామగుండమునకు, కేరళకు, ఉత్తరమునకు చెదరిపోవును. శాశ్వతోద్యోగి తన సంస్థలో నుండును. రోజుకూలికి వచ్చినవానిని ఆరు నెలలకు ఎవరు పలుకరింపవలెను, జిల్లా కలెక్టరా, కాంట్రాక్టరా, వాని స్వగ్రామపు ఆరోగ్యకేంద్రమా యన్నది ఏ మార్గదర్శకమునను స్పష్టపడలేదు.

మూడవది కొలమానము. ప్రశ్నావళులు పెక్కు ఆంగ్లమున పుట్టి, పట్టణపు చదువరుల మనోభాషను అనుసరించినవి. ఇచటివాడు దుఃఖమనడు, భయమనడు. గుండె దడగా నున్నదనును, కాలు చేయి ఆడుట లేదనును, తిన్నది ఒంటబట్టుట లేదనును, తలబరువనును. ఆ మాటలు విన్న ఆరోగ్యకేంద్రపు వైద్యుడు బి.పి. చూచి మాత్ర వ్రాయును. కొలమానమున ఆ మాటలకు చోటు కల్పించి, పాలమూరు పలుకుబడిలో, చదువు రాని ఈతగానికిని అడుగదగినట్లుగా పరీక్షించి స్థిరపరచు పని చేయక, నల్లమలలో నూటికెందరు బాధపడుచున్నారను లెక్క తేలదు. ఆ లెక్క లేక, ఏ శిక్షణ ఎంత మేలు చేసినదను వాదమునకు ఇచట పునాది యుండదు.